రెండు సెకన్ల తేడా చూపి సాక్ష్యాన్ని కొట్టేయగలరా? ఫైలు మీది సమయాన్ని అర్థం చేసుకుందాం

ఒక ఊళ్లో దళితవాడకు వెళ్లే దారికి అడ్డంగా కంచె వేశారనుకుందాం. ఇదేమిటని అడిగిన వాళ్ల మీద దాడి జరిగింది. అక్కడే ఉన్న ఒక కుర్రాడు ఫోన్‌లో వీడియో తీశాడు. ఆ వీడియోను పెన్‌డ్రైవ్‌లో వేసి పోలీసులకు ఇచ్చారు. అది చార్జిషీటుతో పాటు కోర్టుకు వెళ్లింది. ఏడాదిన్నర తర్వాత ఆ కుర్రాడు సాక్షిగా బోనెక్కాడు. ఎదుటి పక్షం వకీలు అడిగాడు: "ఫోన్‌లో ఈ ఫైలు సమయం 10 గంటల 42 నిమిషాల 17 సెకన్లు. పెన్‌డ్రైవ్‌లో చూస్తే 16 సెకన్లు. మధ్యలో మార్చారు కదా?"

కుర్రాడికి ఏం చెప్పాలో తెలియదు. తాను ఏమీ మార్చలేదని మాత్రమే తెలుసు.

ఇది మేం ఊహించి చెప్పిన ఉదాహరణే. అయితే ఆ ప్రశ్నకు సరైన జవాబు ఉంది. పెన్‌డ్రైవ్‌లో బేసి సెకను రాయడానికి చోటే లేదు. అందులోని ఫైళ్ల పద్ధతి రెండేసి సెకన్లకు ఒకసారి మాత్రమే సమయం గుర్తుపెట్టుకుంటుంది. 17 రాయలేక 16 రాసింది. దీన్ని ఎవరు ఏ కంప్యూటర్ మీదైనా నిమిషంలో చేసి చూపించవచ్చు. ఆ సంగతి సాక్షికి, సాక్షి తరఫు న్యాయవాదికి ముందే తెలిసి ఉండాలి. ఈ వ్యాసం అందుకోసమే.

సమయం విషయంలో వచ్చే సందేహం ఎంత దూరం తీసుకుపోతుందో మనకు తెలియనిది కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను ఊచకోత కోసిన కేసులో ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలను రద్దు చేసింది. మరణాలు ఏ సమయంలో జరిగాయో ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయిందన్నది ఆ తీర్పు చెప్పిన కారణాల్లో ఒకటి. అప్పట్లో ఫోన్ వీడియోలు లేవు. ఇప్పుడు ఉన్నాయి. వాటి మీద ఉండే సమయం ఏమిటో, అది ఎంతవరకు నమ్మదగిందో తెలుసుకోకపోతే ఆ వీడియోలే మనకు చిక్కు తెచ్చిపెడతాయి.

ఫైలు మీద ఒకటి కాదు, నాలుగు సమయాలు

కంప్యూటర్‌లో గాని ఫోన్‌లో గాని ఒక ఫైలు ఉందంటే దాని గురించిన చిన్న పద్దు ఒకటి డిస్కులో విడిగా ఉంటుంది. పరిమాణం ఎంత, యజమాని ఎవరు, ఎవరు చదవవచ్చు వంటి వివరాలతో పాటు సమయాలు కూడా ఆ పద్దులోనే ఉంటాయి. వీటినే టైమ్‌స్టాంపులు అంటున్నాం. లినక్స్ కంప్యూటర్‌లో స్టాట్ అనే కమాండ్ ఇచ్చి పక్కన ఫైలు పేరు రాస్తే ఈ పద్దు మొత్తం కనిపిస్తుంది. కమాండ్లను ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఇక్కడ మేం వాటిని పలికే తీరులో రాస్తున్నాం.

స్టాట్ చూపించే సమయాలు నాలుగు. మొదటిది యాక్సెస్, అంటే ఫైలును చివరిగా చదివిన సమయం. రెండోది మోడిఫై, ఫైలు లోపలి సరుకు చివరిగా మారిన సమయం. మూడోది చేంజ్, ఫైలు గురించిన పద్దు చివరిగా మారిన సమయం. ఫైలు పేరు మార్చినా, అనుమతులు మార్చినా ఈ మూడోది మారుతుంది. నాలుగోది బర్త్, ఆ ఫైలు ఆ డిస్కులో పుట్టిన సమయం.

చాలామంది పొరబడేది ఈ నాలుగో దాని దగ్గరే. పుట్టిన సమయం అంటే వీడియో తీసిన సమయం అనుకుంటారు. ఫలానా డిస్కులో ఆ ఫైలు పుట్టిన సమయమని మాత్రమే దాని అర్థం. ఫోన్ నుంచి కంప్యూటర్‌కు కాపీ చేస్తే, కంప్యూటర్‌లో ఆ నకలు పుట్టింది కాపీ చేసిన క్షణానే. విండోస్‌లో మామూలుగా కాపీ చేస్తే మోడిఫై సమయం పాతదే ఉంటుంది, పుట్టిన సమయం మాత్రం కొత్తదవుతుంది. అప్పుడు పద్దు చూస్తే మార్చి 14న మారిన ఫైలు మార్చి 16న పుట్టినట్టు కనిపిస్తుంది. పుట్టకముందే ఎలా మారిందని ఎవరైనా నిలదీస్తే కంగారు పడనక్కర్లేదు. కాపీ చేసిన ప్రతి ఫైలూ అలాగే ఉంటుంది.

చదివిన సమయాన్ని కూడా మరీ నమ్మలేం. ఫైలును తెరిచిన ప్రతిసారీ డిస్కులో రాస్తూ పోతే పని నెమ్మదిస్తుందని 2009 నుంచి లినక్స్ ఒక సర్దుబాటు చేసుకుంది. ఆ ఫైలు మారిన తర్వాత మొదటిసారి చదివినప్పుడు, లేదా పాత నమోదుకు 24 గంటలు దాటినప్పుడు మాత్రమే కొత్త సమయం రాస్తుంది. కాబట్టి ఒకే రోజు పదిసార్లు తెరిచినా పద్దులో ఒక్కసారే కనిపించవచ్చు.

కుంచం, సోల లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒక్కో డిస్కు సమయాన్ని ఒక్కో కొలతతో కొలుస్తుంది. కూలి గింజలు కుంచంతో కొలిచి పోసిన ఆసామిని సోల లెక్క అడిగితే చెప్పలేడు. అతని దగ్గర సోల లేదు. డిస్కుల సంగతీ అంతే. డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు. సమయాన్ని ఎంత సన్నగా నమోదు చేయాలన్నది ఆ ఫైల్ సిస్టమ్‌ను తయారు చేసిన రోజే నిర్ణయమైపోతుంది.

చవక పెన్‌డ్రైవుల్లో, 32 జీబీ వరకు ఉండే మెమరీ కార్డుల్లో ఎక్కువగా కనిపించేది ఫ్యాట్32. దీని సమయ పద్ధతి ఎంఎస్-డాస్ కాలం నాటిది. అప్పట్లో డిస్కులో ప్రతి బైటూ విలువైనదే. అందుకని గంట, నిమిషం, సెకను మూడింటికీ కలిపి 16 బిట్లు మాత్రమే కేటాయించారు. 24 గంటలు రాయడానికి 5 బిట్లు కావాలి. 60 నిమిషాలకు 6 బిట్లు కావాలి. ఇక మిగిలింది 5 బిట్లు. ఐదు బిట్లతో 32 అంకెలే రాయగలం, సెకన్లేమో 60. అందుకని సెకన్లను సగం చేసి రాశారు. 0, 2, 4, 6 అంటూ సరి సెకన్లే ఉంటాయి, బేసి సెకను ఉండదు. మన ఉదాహరణలో 17 పోయి 16 రావడానికి కారణం ఇదే. ఫ్యాట్‌లో చివరిగా చదివిన సమయానికైతే తేదీ మాత్రమే ఉంటుంది, గంట కూడా ఉండదు.

పెద్ద మెమరీ కార్డుల్లో వాడే ఎక్స్‌ఫ్యాట్ కొంచెం మెరుగు. మోడిఫై సమయాన్ని సెకనులో నూరో వంతు దాకా రాస్తుంది. లినక్స్‌లో చాలా ఏళ్లు వాడిన ఎక్స్ట్3కి ఒక సెకనే కనీస కొలత. దాని తర్వాత 2008లో స్థిరపడిన ఎక్స్ట్4, నేటి ఆండ్రాయిడ్ ఫోన్లలో కనిపించే ఎఫ్2ఎఫ్ఎస్, ఆపిల్ 2017లో తెచ్చిన ఏపీఎఫ్ఎస్ నానోసెకను దాకా రాయగలవు. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ వంద నానోసెకన్లను ఒక మెట్టుగా తీసుకుని 1601 జనవరి 1 నుంచి లెక్కిస్తుంది. యూనిక్స్ కుటుంబం మొత్తం 1970 జనవరి 1 నుంచి లెక్కిస్తుంది.

ఫైళ్లను కట్టగట్టే పద్ధతులకూ ఈ బేధం ఉంది. జిప్ ఫైలులో మూల పద్ధతి ప్రకారం రాసేది డాస్ కాలపు రెండు సెకన్ల సమయమే. కొన్ని జిప్ సాధనాలు అదనంగా సెకను లెక్కను కూడా చేరుస్తాయి. ఒక ఫైలును జిప్ చేసి విప్పితే సన్నని కొలత మధ్యలోనే రాలిపోతుంది, తిరిగి రాదు.

కమాండ్ చూపించేది వేరు, డిస్కులో ఉన్నది వేరు

రెండు ఫైళ్ల సమయాలు పోల్చేటప్పుడు ఏ కమాండ్‌తో చూశామన్నది కూడా ముఖ్యమే. లినక్స్‌లో అందరూ వాడే ఎల్‌ఎస్ -ఎల్ కమాండ్ నిమిషం వరకే చూపిస్తుంది. డిస్కులో సెకన్లు ఉన్నా అది చూపించదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఫైలు ఆరు నెలల కంటే పాతదైతే ఎల్‌ఎస్ గంట, నిమిషం తీసేసి ఆ చోట సంవత్సరం చూపిస్తుంది. ఘటన జరిగిన వారంలో తీసిన ప్రింటులో '10:42' అని ఉంటుంది. అదే ఫైలుకు ఏడాది తర్వాత అదే కమాండ్‌తో తీసిన ప్రింటులో తేదీ, సంవత్సరం మాత్రమే ఉంటాయి. మన కేసులు ఆరు నెలల్లో తేలవని ఈ పేజీ చదివే వారికి చెప్పనక్కర్లేదు. రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి చూస్తే సమయాన్ని ఎవరో తుడిచేశారన్న అనుమానం రావడం సహజం. ఎవరూ తుడవలేదు. ఎల్‌ఎస్ --ఫుల్-టైమ్ అని అడిగితే అదే ఫైలు పూర్తి సమయం మళ్లీ కనిపిస్తుంది.

స్టాట్ కమాండ్ చూపించే సమయం ఇలా ఉంటుంది: 2025-03-14 10:42:17.683415209 +0530. చుక్క తర్వాతి తొమ్మిది అంకెలు సెకనులో భాగాలు. చివరి +0530 మన భారత కాలమానం. ఇదే ఫైలును ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి సమయం కాపాడుతూ కాపీ చేస్తే, లినక్స్‌లో 10:42:16.000000000 అని కనిపిస్తుంది. ఈ తొమ్మిది సున్నాలు డిస్కులో రాసినవి కావు. అక్కడ చెప్పడానికి ఏమీ లేక కమాండ్ నింపిన సున్నాలవి.

ఈ సున్నాలు మంచి ఆనవాలు కూడా. నానోసెకన్లు రాయగల డిస్కులో ఒక ఫైలు మీద తొమ్మిది సున్నాలు కనిపిస్తే, ఆ సమయం అక్కడ సహజంగా పడింది కాకపోవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి వచ్చి ఉండవచ్చు, జిప్ విప్పితే వచ్చి ఉండవచ్చు, ఎవరైనా కమాండ్‌తో పెట్టి ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏదన్నది సున్నాలు చెప్పవు. ఫైలు ఏ దారిలో వచ్చిందో అడగమని మాత్రం గుర్తు చేస్తాయి.

అలాగని తొమ్మిది అంకెలు చూసి అబ్బురపడనక్కర్లేదు. లినక్స్ ఫైలు మీద సమయం వేసేటప్పుడు ప్రతిసారీ సన్నని గడియారం చూడదు. కొన్ని మిల్లీసెకన్లకు ఒకసారి కొట్టుకునే తన లోపలి గంట చివరిగా చెప్పిన సమయాన్నే వేస్తుంది. చాలా కంప్యూటర్లలో ఆ గంట నాలుగు మిల్లీసెకన్లకు ఒకసారి కొట్టుకుంటుంది. ఆ నాలుగు మిల్లీసెకన్ల లోపల మారిన రెండు ఫైళ్లకు తొమ్మిది అంకెలూ ఒకేలా పడవచ్చు. 2025 జనవరిలో వచ్చిన లినక్స్ 6.13 ఈ లోటును కొంత సరిచేసింది. అవసరమైనప్పుడు సన్నని గడియారం చూసే ఏర్పాటు అందులో వచ్చింది.

రెండు సెకన్ల కంటే పెద్ద ప్రమాదం: ఐదున్నర గంటలు

సెకన్ల తేడాను వివరించడం తేలిక. గంటల తేడా వచ్చినప్పుడు కేసే తలకిందులవుతుంది. ఎక్స్ట్4, ఎన్‌టీఎఫ్ఎస్ వంటివి సమయాన్ని ప్రపంచ కాలమానంలో, అంటే యూటీసీలో దాచుకుంటాయి. చూపించేటప్పుడు ఆ కంప్యూటర్ ఏ దేశపు సమయానికి పెట్టి ఉందో దాని ప్రకారం మార్చి చూపిస్తాయి. మన సమయం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు.

మార్చి 14 తెల్లవారుజామున 2 గంటలకు తీసిన వీడియోను యూటీసీకి పెట్టిన కంప్యూటర్‌లో చూస్తే మార్చి 13 రాత్రి 8 గంటల 30 నిమిషాలు అని కనిపిస్తుంది. తేదీయే మారిపోయింది. దాడి 14న జరిగిందని ఎఫ్‌ఐఆర్‌లో ఉంటే, వీడియో 13న తీశారని వాదించడానికి దారి దొరికినట్టే. అందుకే సమయం రాసిన చోటల్లా పక్కన +0530 అనో +0000 అనో ఉండేట్టు చూసుకోవాలి. అది లేని సమయం సగం సమయమే.

ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లో ఇంకో చిక్కు ఉంది. అందులో యూటీసీ లేదు, దేశం గుర్తు లేదు. రాసిన కంప్యూటర్ గోడ గడియారంలో ఎంతుంటే అంత రాస్తుంది. ఆ పెన్‌డ్రైవ్‌ను వేరే కాలమానానికి పెట్టిన కంప్యూటర్‌లో పెడితే, అది ఆ అంకెలను తన సమయంగానే అనుకుంటుంది. ఫైలు ఒకటే, పెన్‌డ్రైవ్ ఒకటే, అయినా రెండు కంప్యూటర్ల మధ్య ఐదున్నర గంటల తేడా రావచ్చు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఈ లోటు తీర్చడానికి కాలమానం తేడా రాసే చోటు పెట్టారు.

వీటన్నింటికంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. గడియారమే తప్పైతే? సన్నగా కొలవడం వేరు, సరిగ్గా కొలవడం వేరు. పది నిమిషాలు వెనక నడిచే గడియారం కూడా తొమ్మిది అంకెలతో సమయం చెప్పగలదు. నెట్‌వర్క్‌కు కలిసి ఉండే ఫోన్లు సాధారణంగా సమయాన్ని సరిచేసుకుంటూ ఉంటాయి. దుకాణాల్లో, వీధుల్లో పెట్టిన సీసీ కెమెరాల రికార్డర్లకు ఆ ఏర్పాటు లేకపోతే గడియారం నెలల తరబడి పక్కకు జరిగిపోతుంది. మన దేశంలో అధికారిక సమయాన్ని నిర్వహించేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ కంప్యూటర్ల గడియారాలను ఈ ప్రయోగశాల లేదా ఎన్‌ఐసీ సర్వర్లతో సరిపెట్టుకోవాలని చెప్పింది. సీసీ కెమెరా దృశ్యాలు తీసుకునేటప్పుడు రికార్డర్ తెర మీది సమయం, అదే క్షణంలో అసలు సమయం రెండూ ఒకే ఫోటోలో పడేట్టు తీసి పెట్టుకుంటే ఎంత తేడా ఉందో తర్వాత లెక్క కట్టవచ్చు.

సమయాన్ని మార్చవచ్చా?

మార్చవచ్చు. టచ్ అనే కమాండ్ పనే అది. -డి అని రాసి కావాల్సిన తేదీ, సమయం ఇస్తే ఫైలు మోడిఫై సమయం అలా మారిపోతుంది. నానోసెకన్ల అంకెలు కూడా ఇవ్వవచ్చు. దీనికి హ్యాకర్ కానక్కర్లేదు. సీపీ కమాండ్‌తో మామూలుగా కాపీ చేస్తే నకలు మీద ఇప్పటి సమయం పడుతుంది. -పీ చేరిస్తే పాత సమయం నిలుస్తుంది. అంటే ఒక అక్షరం తేడాతో ఫైలు మీది తేదీ మారుతుంది. ఇందులో దురుద్దేశం ఉండాల్సిన పని లేదు.

టచ్ మార్చలేనిది చేంజ్ సమయం. టచ్ వాడిన క్షణం అక్కడ నమోదవుతుంది. అయితే కంప్యూటర్ గడియారాన్నే వెనక్కి తిప్పి పని చేస్తే అదీ తప్పు సమయమే చూపిస్తుంది. కాబట్టి ఒక్క టైమ్‌స్టాంపు మీద ఆధారపడి ఎవరినీ దోషి అనలేం, నిర్దోషి అనలేం.

భీమా కోరేగావ్ కేసు ఈ విషయాన్ని దేశం ముందుకు తెచ్చింది. నిందితుల్లో ఒకరైన రోనా విల్సన్ లాప్‌టాప్ నకలును ఆయన న్యాయవాదుల కోరిక మీద అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ సంస్థ పరిశీలించింది. నెట్‌వైర్ అనే మాల్‌వేర్ ద్వారా బయటి వ్యక్తి ఆ కంప్యూటర్‌లోకి చొరబడి ఫైళ్లు పెట్టాడని 2021 ఫిబ్రవరిలో బయటికి వచ్చిన ఆ నివేదిక చెప్పింది. ఎన్‌ఐఏ దీన్ని ఒప్పుకోలేదు. తేల్చాల్సింది న్యాయస్థానం. ఒక ఫైలు ఒక డిస్కులో ఉండడం, దాని మీద ఒక తేదీ ఉండడం ఆ యంత్రం యజమానే దాన్ని రాశాడనడానికి సరిపోతుందా అన్న ప్రశ్నను మాత్రం ఈ కేసు గట్టిగా ముందుకు తెచ్చింది.

ఫైలు మారలేదని చెప్పేది హ్యాష్

సమయం ఇంత జారుడుగా ఉంటే, కోర్టుకిచ్చిన నకలు అసలుకు సమానమని ఎలా చెప్పాలి? దానికి హ్యాష్ ఉంది. ఫైలులోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకుని ఒక సంఖ్యను తయారు చేస్తారు. దాన్ని ఫైలు వేలిముద్ర అనుకోవచ్చు. లినక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్, విండోస్‌లో సర్ట్‌యూటిల్ కమాండ్ ఈ సంఖ్యను ఇస్తాయి. వీడియోలో ఒక్క బైటు మారినా సంఖ్య పూర్తిగా మారిపోతుంది. టైమ్‌స్టాంపు ఫైలు లోపల ఉండదు, పద్దులో ఉంటుంది. కాబట్టి సమయం మారినా హ్యాష్ మారదు. ఫోన్‌లో 17, పెన్‌డ్రైవ్‌లో 16 అని ఉన్నా రెండింటి హ్యాష్ ఒకటే అయితే వీడియోను ఎవరూ ముట్టుకోలేదనే అర్థం. మొదట్లో అడిగిన ప్రశ్నకు బోనులో చెప్పాల్సిన జవాబు ఇదే.

అయితే హ్యాష్‌కూ హద్దు ఉంది. వీడియో ఎప్పుడు తీశారో అది చెప్పదు. ఫలానా రోజున ఈ హ్యాష్ నమోదు చేశామని కాగితం మీద ఉంటే, ఆ రోజు నుంచి ఫైలు మారలేదని మాత్రమే చెప్పగలం. అందుకే ఆ నమోదు ఎంత త్వరగా జరిగితే అంత మేలు.

చట్టం కూడా ఈ దారికే వచ్చింది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ తప్పనిసరి అని 2020 జూలైలో అర్జున్ పండిట్‌రావు ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అప్పట్లో అది సాక్ష్య చట్టం 65బీ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో అది 63వ సెక్షన్ అయింది. కొత్త చట్టం షెడ్యూల్‌లో సర్టిఫికెట్ నమూనా కూడా ఇచ్చారు. అందులో హ్యాష్ విలువ, అది ఏ పద్ధతిలో తీసిందో రాయాలి. మొదటి భాగం సాక్ష్యం ఇచ్చేవారు, రెండో భాగం నిపుణుడు నింపాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం ఈ చట్టం కింద జరిగే విచారణలన్నింటినీ వీడియో రికార్డు చేయాలి. సోదాలు, స్వాధీనాలు ఆడియో వీడియోలో నమోదు చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. వీడియో ఫైళ్లు ఇక ప్రతి కేసులోనూ ఉంటాయి. మనం ఇచ్చేవే కాదు, పోలీసులు ఇచ్చేవి కూడా. వాటి హ్యాష్, సమయం, కాలమానం అడిగే హక్కు మనకూ ఉంది.

ఊళ్లో ఏం చేయాలి?

మొదటిది, అసలు ఫోన్‌ను, మెమరీ కార్డును కాపాడండి. వీడియోను కత్తిరించవద్దు, పేరు మార్చవద్దు, కాపీ చేశాం కదా అని తుడిచేయవద్దు.

రెండోది, వాట్సాప్‌లో వీడియోగా పంపిన నకలును సాక్ష్యంగా నమ్ముకోవద్దు. వాట్సాప్ వీడియోను కుదించి కొత్త ఫైలు చేస్తుంది. పేరు కూడా మారుతుంది. ఆండ్రాయిడ్‌లో ఆ కొత్త పేరులో తేదీ ఉంటుంది గాని గంట ఉండదు. హ్యాష్ కూడా అసలుతో కలవదు. తప్పనిసరై పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి.

మూడోది, కాపీ చేసే ముందే ఫోన్ గడియారాన్ని అసలు సమయంతో పోల్చి తేడా రాసుకోండి. తేడా లేకపోతే లేదని రాయండి.

నాలుగోది, కంప్యూటర్‌లోకి తెచ్చిన వెంటనే స్టాట్, హ్యాష్ కమాండ్లు ఇచ్చి వచ్చిన ఫలితాన్ని ప్రింటు తీయండి. ఏ యంత్రంలో, ఏ తేదీన, ఎన్ని గంటలకు తీశారో కింద రాసి ఇద్దరు సంతకాలు పెట్టండి. ఎల్‌ఎస్ -ఎల్ ప్రింటు ఒక్కటే సరిపోదని గుర్తుంచుకోండి.

ఐదోది, పెన్‌డ్రైవ్‌లో ఇస్తున్నప్పుడు అది ఫ్యాట్32నో ఎక్స్‌ఫ్యాటో చూసి ఆ మాట కూడా రాయండి. రెండు సెకన్ల తేడాకు వివరణ ఆ ఒక్క మాటలోనే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లోని నకలుకు మళ్లీ హ్యాష్ తీసి, అసలుతో కలిసిందని నమోదు చేయండి.

ఆరోది, రెండు డిస్కుల్లో ఫైళ్లు దాచుకునే సంఘాలు ఆర్‌సింక్ వాడుతుంటే దాని తీరు తెలుసుకోండి. అది మామూలుగా ఫైలు పరిమాణం, మోడిఫై సమయం మాత్రమే పోల్చి, రెండూ కలిస్తే ఫైలు మారలేదని వదిలేస్తుంది. ఫ్యాట్ డిస్కుతో పోల్చేటప్పుడు సెకను తేడాల వల్ల మారని ఫైళ్లనే మళ్లీ మళ్లీ కాపీ చేస్తుంది. --మోడిఫై-విండో=1 అని చేరిస్తే ఒక సెకను తేడాను పట్టించుకోదు. లోపలి సరుకును నిజంగా పోల్చాలంటే -సీ చేర్చాలి. అప్పుడు హ్యాష్ లెక్కించి చూస్తుంది.

ఈ పనులకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మేం చెప్పిన కమాండ్లలో ఎక్కువ భాగం ఏ లినక్స్ కంప్యూటర్‌లోనైనా ఉచితంగా దొరుకుతాయి. వాడలో డిగ్రీ చదివే ఒక అమ్మాయో అబ్బాయో ఒక సాయంత్రం కూర్చుంటే నేర్చుకోగలరు. ఒక పాత పెన్‌డ్రైవ్ తెచ్చి, ఏదైనా ఫైలును అందులో వేసి, స్టాట్ కొట్టి చూడండి. బేసి సెకను సరి సెకను కావడం మీ కళ్లతో మీరే చూస్తారు. ఒకసారి చూసినవారు బోనులో ఎవరు నిలదీసినా తడబడరు.